బల్ల అప్పగింత

మిర్కో, ఆ కుర్చీ ఎడమకాలు వదులు. ముందు అది చెప్పాలి.
కోపంగా లేస్తే నీతోపాటే లేస్తుంది.
ఈ గదిలో మెల్లగా లేవడం నేర్చుకో.

ఇది ఫోను. ఇది రెండో ఫోను,
దీని నంబరు పుంతా అరేనాస్‌లో నలుగురు విలేకరులకే తెలుసు.
వాళ్ళ పేర్లు గోడమీద రాసిపెట్టాను,
పక్కన వాళ్ళ పిల్లల పేర్లు కూడా.
మంచి చేసుకోవడానికి కాదు.
అర్ధరాత్రి ఫోన్ చేసినవాడు
వార్త కోసం మేలుకున్నాడో
జ్వరమొచ్చిన బిడ్డ పక్కన మేలుకున్నాడో
తెలిస్తే నీ గొంతు మారుతుంది.

కిటికీ తెరవకు, జలసంధి గాలికి కాగితాలు ఆగవు.
ప్రకటన రాసేటప్పుడు మాత్రం ఓ వేలెడు తెరువు,
ఆ చలిలో విశేషణాలు ఎక్కువసేపు నిలబడవు.
"వీరోచితంగా" అని రాశావా, కొట్టెయ్.
ఎన్నింటికి, ఎక్కడ, ఎందరు:
మనకు తెలిసింది అంతవరకే.
ఎందుకన్నది విచారణ సంఘం సొత్తు.
అప్పు తెచ్చుకోకు, వడ్డీ కట్టలేవు.

రాసింది మీ నానమ్మకు ఫోన్లో చదివి వినిపించు.
ఎక్కడ ఆవిడ అల్లికసూదుల చప్పుడు ఆగిందో
ఆ వాక్యం తిరగరాయి.

ఫొటో పంపేముందు మొహాలు కాదు, మొహాల వెనక చూడు.
ఒకసారి ఎవరిదో పుట్టినరోజు కేకు వెనక
గస్తీ దారుల పటం మొత్తం
అందరికంటే బాగా పడింది.

"చెప్పడానికేమీ లేదు" అనకు.
ఏమీ లేనివాడికి మైకెందుకు?
"తెలియదు, తొమ్మిదింటికి వస్తాను" అను.
తొమ్మిదింటికీ తెలియకపోతే
తొమ్మిదింటికే వెళ్ళి, ఇంకా తెలియదని చెప్పు.
వాళ్ళు నమ్మేది నీకు తెలిసినదాన్ని కాదు,
నువ్వు వచ్చిన వేళని.

కమాండర్ దగ్గరికి చెడువార్త తీసుకెళ్తే
గుమ్మంలోనే దించెయ్.
ఆయన అరుస్తాడు. అరవనీ.
అరుపు ఈ మేడ దాటదు.

ఇక కింది సొరుగు.
లాగు, కొంచెం బిగుతు.
అందులో ఉన్నది ఒకే కాగితం, నా చేతిరాత.
"ఏడుగురూ క్షేమం."

జూన్ నెల, పడవ బోల్తా పడ్డ రాత్రి.
పైనుంచి మాటొచ్చింది, రేడియోలో చదివేశాను.
ఎవరు లెక్కపెట్టారని అడగలేదు.
లెక్కపెట్టిన కుర్రాడు ఒడ్డున దుప్పట్లు లెక్కపెట్టాడు.
ఏడో దుప్పటి కప్పుకున్నది
వాళ్ళను నీళ్ళలోంచి లాగిన జాలరి.

నలభై నిమిషాలు.
ఆ నలభై నిమిషాలూ ప్లాయా నోర్తేలో
దొన్యా ఎదుల్మీరా మాన్సియా
రేడియో ఇంకాస్త పెద్దది చేసి
గొర్రెమాంసం పులుసు వేడిచేస్తూ ఉంది.
నేను తలుపు తట్టేసరికి
బల్లమీద రెండు గిన్నెలు.

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేమంటారు.
నిజమే కావచ్చు.
అయినా తీసుకోవడానికి వెళ్ళాలి, మిర్కో.
అదే రేడియోకి, అదే గొంతుతో.
"సమాచార లోపం" అని రాసిచ్చారు, మడిచి జేబులో పెట్టుకున్నాను.
"నెల్దా ఒయార్సో అనే నేను
తప్పు చెప్పాను" అన్నాను.
దానివల్ల ఎవరూ తిరిగి రాలేదు.

ఆవిడ ఇప్పటికీ నేనెక్కే బస్సే ఎక్కుతుంది.
పలకరిస్తుంది కూడా.
తిట్టుంటే బావుండేది.

ముందు ఇంటి తలుపు, తర్వాతే మైకు.
పాఠాల్లో ఇది పదకొండో పేజీలో ఉంటుంది,
నువ్వు మొదటి పేజీలో అతికించుకో.

తాళాలు ఇవిగో. కెటిల్ మూత సరిగ్గా పడదు,
చెంచా అడ్డం పెట్టు.
ఇంకేదో చెప్పాలి, గుర్తురావడం లేదు...

మోగుతోంది.
నా వైపు చూడకు, అది నీకే.
పెన్సిల్ తీసుకో, ఈ చలికి పెన్ను రాయదు.
ముందు వాళ్ళ పేరడుగు.